వేలిముద్ర వేయని చెయ్యి

దివ్యాంగులకు అందవలసిన సేవలను ఒకచోట కూర్చిపెట్టే పనిలో నేను పదకొండేళ్లుగా ఉన్నాను. వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరానికి తీసుకువెళ్లడం, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి దరఖాస్తు పెట్టించడం, ఆగిన పింఛను ఎందుకు ఆగిందో ఆరా తీయడం మా రోజువారీ వ్యవహారాలు. ఈ రంగంలో దొంగ సర్టిఫికెట్ల గురించి, లంచాల గురించి అందరూ మాట్లాడతారు. అవి తప్పని తెలుసుకోవడానికి పెద్ద ఆలోచనేమీ అక్కరలేదు. నన్ను ఇప్పటికీ కలతపెట్టేది, మేలు చేస్తున్నామన్న నమ్మకంతోనే నేను చేయబోయిన ఒక పొరపాటు.

కోస్తాలోని ఒక పల్లెలో మేధోపరమైన వైకల్యం ఉన్న ఇరవై రెండేళ్ల యువకుడు తల్లితో ఉండేవాడు. తల్లికి మోకాళ్లు పట్టేశాయి, అన్న పొట్టకూటికి హైదరాబాదు చేరాడు. తమ్ముణ్ణి ఏదైనా వసతి గృహంలో చేర్చి, అతడి తరఫున నిర్ణయాలు తీసుకునే హక్కునిచ్చే సంరక్షకత్వ పత్రాలు కూడా చేయించమని అన్న నన్ను అడిగాడు. అప్పట్లో నాకు జీతమిచ్చే సంస్థకే అటువంటి గృహం ఒకటి ఉండేది. అందులో కొన్ని పడకలు ఖాళీగా ఉన్నాయనీ, ఎవరు ఎంతమందిని చేర్పించారనీ నెలవారీ సమావేశంలో లెక్క అడిగేవారు. అంటే ఆ యువకుడికి ఏం కావాలో అంచనా వేసి నివేదిక రాయవలసిన మనిషికే అతడు చేరితే లాభం ఉందన్నమాట.

"వాడికేం తెలుసు మేడమ్, మీరు రాసేయండి" అంది తల్లి. నేను రాసేశాను. అతడు పది అడుగుల దూరంలో దూడను కట్టేస్తూనే ఉన్నాడు. అతణ్ణి నేను ఒక్క మాటా అడగలేదు. చివర్లో వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ ముందుకు జరిపినప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి పెట్టుకొని గోడకు ఆనుకున్నాడు. తల్లి ఆ చెయ్యి పట్టి లాగబోతే, ఆ పూటకు వద్దని కాగితాలు సంచిలో పెట్టుకొని వచ్చేశాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 13వ సెక్షన్‌ను నేను ఎన్నో శిక్షణ తరగతుల్లో చదివి వినిపించాను. ఆర్థిక, ఆస్తి వ్యవహారాల్లో సహాయకుడి స్వార్థానికీ దివ్యాంగుడి ప్రయోజనానికీ పొసగని పరిస్థితి వస్తే, ఆ వ్యవహారంలో సహాయకుడు తప్పుకోవాలని అది చెబుతుంది. అనుచిత ప్రభావం చూపకూడదనీ అంటుంది. చదివిన ప్రతిసారీ నా కళ్ల ముందు మెదిలింది ఆస్తి కాజేసే బంధువులే. వాస్తవానికి కేవలం బంధుత్వాన్ని బట్టి స్వార్థం ఉందని ఊహించకూడదని ఆ చట్టమే చెబుతోంది. ఖాళీ పడకలు ఉన్న సంస్థ ఉద్యోగి గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు.

మరుసటి వారం ఇల్లు, దూడ, వసతి గృహం, డబ్బు బొమ్మలున్న కార్డులు తీసుకొని వెళ్లి, తల్లిని కాసేపు పక్కింట్లో కూర్చోమని బతిమాలి, అతడితో గంటకు పైగా గడిపాను. వసతి గృహం బొమ్మను మూడుసార్లు బోర్లా పెట్టాడు. పింఛను ఎవరి దగ్గర ఉండాలని అడిగితే, అదే ఊళ్లో కాపురం ఉంటున్న అక్క ఇంటివైపు వేలు చూపించాడు. అక్క ఉన్న సంగతే నా నివేదికలో లేదు.

ఆ కేసు నేను చూడలేనని పై అధికారికి రాసిచ్చాను. ఆయనకు కోపం వచ్చింది. మాతో సంబంధం లేని మరొక సంస్థ ఉద్యోగినికి కేసు అప్పగించడానికి నెల పట్టింది. తల్లిని నేను తప్పుపట్టను: తన తరువాత వీడికెవరన్న బెంగకు ఏ చట్టమూ సమాధానం ఇవ్వదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుణ్ణి నియమించవచ్చు. కానీ 2016 చట్టం చెప్పే పరిమిత సంరక్షకత్వం ఒక నిర్దిష్ట నిర్ణయానికి, ఒక కాలానికి లోబడి, ఆ మనిషి ఇష్టానికి అనుగుణంగా ఉండాలి. ఈ రెండింటి మధ్య తేడాను మాలో చాలామంది ఒక కాగితం కింద మరో కాగితం పెట్టి దాటేస్తాం.

ఇప్పుడు అక్క పగలు వచ్చి వంట చేసి వెళుతోంది. మొన్న తల్లి దివ్యాంగుల ఆరోగ్య బీమా అయిన నిరామయ పునరుద్ధరణ గురించి ఫోన్ చేసినప్పుడు, ముందు ఫోన్ అతడికి ఇవ్వమన్నాను. బొమ్మల కార్డులు ఎప్పుడు తెస్తావని అడిగాడు. వచ్చే శుక్రవారం వెళ్లాలి.