జీతం ఎగ్గొట్టిన క్లబ్ మీద ఫిఫాకు వెళ్లడం: నా అనుభవం

"రెండు నెలలుగా జీతం పడలేదు, రేపటి నుంచి ప్రాక్టీసుకు వెళ్లను" అని ఆటగాడు ఫోన్ చేస్తే నేను చెప్పే మొదటి మాట: మానకండి. రోజూ టైముకు వెళ్లండి, హాజరు పడేలా చూసుకోండి. డబ్బు ఎగ్గొట్టింది క్లబ్బే. కానీ చెప్పాపెట్టకుండా మానేస్తే, కాంట్రాక్ట్ ఉల్లంఘించింది ఆటగాడే అని వాదించే అవకాశం మనమే క్లబ్ చేతికిచ్చినట్టు.

ఆటగాళ్ల బకాయి క్లెయిములు తయారుచేసి ఫిఫా ఫుట్‌బాల్ ట్రిబ్యునల్‌లో వేయడం నా పని. అలాంటి ఒక ఫైలు మొదటి నోటీసు నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా ఎలా నడిచిందో ఇక్కడ రాస్తున్నాను. లెక్క తేలిగ్గా తెలియాలని అంకెలు గుండ్రం చేశాను. క్లబ్ పేరు అనవసరం. నిజానికి ఇది ఏ ఒక్క క్లబ్ జబ్బూ కాదు. 2016లో ఆటగాళ్ల సంఘాల సమాఖ్య ఫిఫ్‌ప్రో 54 దేశాల్లో సుమారు 14,000 మందిని అడిగితే, గత రెండు సీజన్లలో జీతం ఆలస్యమైందని 41 శాతం మంది చెప్పారు.

ముందు తేల్చుకోవాల్సింది, ఈ దారి మనకు ఉందా లేదా అన్నది. ఆ ట్రిబ్యునల్‌లో జీతాల తగాదాలు చూసే వివాద పరిష్కార విభాగం వినేది అంతర్జాతీయ కోణం ఉన్న కేసులే. అంటే ఆటగాడి జాతీయత, క్లబ్ ఉన్న దేశం వేరువేరుగా ఉండాలి. సొంత దేశపు క్లబ్‌తో తగాదా అయితే ఆ దేశపు సమాఖ్య, మధ్యవర్తిత్వ సంఘం, లేబర్ కోర్టు, వీటిలో ఏది వర్తిస్తే అది. విదేశీ ఆటగాడైనా, వివాదాలన్నీ ఫలానా జాతీయ ట్రిబ్యునలే వినాలని కాంట్రాక్టులో స్పష్టంగా రాసుంటే, పైగా ఆ ట్రిబ్యునల్‌లో ఆటగాళ్లకూ క్లబ్బులకూ సమాన ప్రాతినిధ్యం ఉంటే, ఫిఫా తలుపు మూసుకోవచ్చు. అందుకే ఏ కాంట్రాక్ట్ వచ్చినా నేను చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాను. గడువు విషయానికొస్తే, వివాదానికి కారణమైన ఘటన జరిగి రెండేళ్లు దాటితే ట్రిబ్యునల్ ఫైలు ముట్టుకోదు.

మా ఫైలులో జీతం నెలకు 6,000 యూరోలు, ప్రతి నెలాఖరుకు చెల్లించాలి. కాంట్రాక్ట్ మరుసటి ఏడాది జూన్ 30 వరకు ఉంది. జనవరి, ఫిబ్రవరి జీతాలు రాలేదు. ఇక్కడ పనికొచ్చేది ఫిఫా బదిలీ నిబంధనల్లోని 14బిస్, అంటే 14వ నిబంధన తర్వాత చేర్చినది. 2018 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం కనీసం రెండు నెలల జీతం బకాయి పడాలి, ఆటగాడు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, మొత్తం చెల్లించడానికి కనీసం 15 రోజులు గడువు ఇవ్వాలి. ఆ గడువులో డబ్బు రాకపోతే, న్యాయమైన కారణంతోనే కాంట్రాక్ట్ రద్దు చేసుకున్నట్టు లెక్క. జట్టులోనే ఉంటాను, బకాయి ఇప్పిస్తే చాలు అనుకునేవాళ్లకు 12బిస్ ఉంది. దానికి సరైన ఆధారం లేకుండా 30 రోజులకు మించి ఆలస్యం జరిగి ఉండాలి, నోటీసులో కనీసం పది రోజుల గడువు ఇవ్వాలి. ఈ రెండింటినీ కలిపేసి పది రోజుల నోటీసిచ్చి కాంట్రాక్ట్ రద్దు చేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ ఐదు రోజుల తేడా గురించి తర్వాత ఎంత వాదించాల్సి వస్తుందో చెప్పలేను.

నోటీసు అంటే పెద్ద లాయరు భాష అక్కర్లేదు. మేం పంపినదాంట్లో అసలు విషయం నాలుగు వాక్యాలు: "జనవరి జీతం 6,000 యూరోలు, చెల్లించాల్సిన తేదీ జనవరి 31. ఫిబ్రవరి జీతం 6,000 యూరోలు, చెల్లించాల్సిన తేదీ ఫిబ్రవరి 28. మొత్తం 12,000 యూరోలు మార్చి 27లోగా కింది ఖాతాలో జమ చేయండి. లేని పక్షంలో 14బిస్ కింద కాంట్రాక్ట్ రద్దు చేసుకునే హక్కు వినియోగించుకుంటాను." పంపింది మార్చి 10న. పదిహేను రోజులు చాలు కదా అనకండి, అందిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న పేచీ రాకుండా రెండు రోజులు ఎక్కువే ఇస్తాను. "నా జీతాలు వెంటనే ఇవ్వండి" అని అంకెలూ తేదీలూ లేకుండా రాసింది నా దృష్టిలో నోటీసు కాదు, మొర.

ఎవరికి పంపామన్నదీ ముఖ్యమే. జట్టు మేనేజరుకు వాట్సాప్ చేసి ఊరుకోకూడదు. ఆటగాళ్ల బదిలీలు నమోదయ్యే ఫిఫా ఆన్‌లైన్ బదిలీల వ్యవస్థలో క్లబ్ నమోదు చేసుకున్న ఈమెయిల్‌కు పంపి, అదే కాగితాన్ని రసీదు వచ్చేలా కొరియర్‌లో కూడా పంపాం. అయితే వాట్సాప్‌ను తీసిపారేయొద్దు. నోటీసు అందాక క్లబ్ నుంచి "స్పాన్సర్ డబ్బు రావాలి, సీజన్ అయ్యేదాకా ఓపిక పట్టు" అని మెసేజ్ వచ్చింది. బాకీ ఉన్నామని క్లబ్బే ఒప్పుకున్న మాట అది! తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఫైలులో పెట్టాం.

ఇదే కాంట్రాక్టులో ఇంకో మెలిక ఉంది. జీతం 60 రోజులు ఆలస్యమైనా ఉల్లంఘన కాదని ఒక వాక్యం. ఆటగాళ్లు చాలామంది దాన్ని చూసి ఆగిపోతారు. ఫిఫా నిబంధన 18 ఇలాంటి అదనపు గడువులను గుర్తించదు. యజమానులు, ఆటగాళ్ల సంఘం కలిసి చేసుకున్న సామూహిక ఒప్పందంలో ఉంటే అది వేరే సంగతి.

క్లబ్బులు బాగా వాడే ఎత్తుగడ గడువు చివరి రోజున కొంత వేయడం. రెండు నెలల బాకీలో సగం నెల జీతం పడితే మిగిలింది నెలన్నర. ఆ స్థితిలో నేనైతే 14బిస్ మీద భరోసా పెట్టుకుని రద్దు చేయమనను. మరో నెల జీతం గడువు దాటనిచ్చి, కొత్త నోటీసు ఇవ్వమంటాను. ఇంకొకటి: బకాయిలో కొంత ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టమంటారు. అందులో "ఇకపై ఎలాంటి బకాయిలూ లేవు" అన్న ఒక్క ముక్క ఉంటే చాలు, ఫైలు అక్కడితో సరి.

మార్చి 27 దాటింది, పైసా రాలేదు. మార్చి జీతం కూడా గడువు దాటనిచ్చి ఏప్రిల్ 1న రద్దు లేఖ పంపాం. ఇక లెక్క. మూడు నెలల బకాయి 18,000. కాంట్రాక్టులో మిగిలిన 15 నెలల విలువ 90,000. ఆటగాడు ఆగస్టు 1 నుంచి వేరే క్లబ్‌లో నెలకు 4,000కు చేరాడు. పాత కాంట్రాక్ట్ ముగిసే తేదీ వరకు 11 నెలలు, అంటే 44,000. పరిహారం లెక్కలో దీన్ని ఆ 90,000లోంచి తీసేస్తారు, మిగిలేది 46,000. రద్దుకు కారణం జీతం బకాయే కాబట్టి అదనంగా మూడు నెలల జీతం, 18,000 కలుస్తుంది. మొత్తం పరిహారం 64,000. ఈ కూడిక మిగిలిన కాంట్రాక్ట్ విలువ 90,000ను మాత్రం ఎప్పటికీ దాటకూడదు. దీనికి బకాయి 18,000 వేరు. మామూలుగా ఇప్పించే వడ్డీ ఏడాదికి 5 శాతం, జీతాల మీద గడువు దాటిన మర్నాటి నుంచి. కొత్త కాంట్రాక్టును దాచాలని చూసేవాళ్లుంటారు. బదిలీల వ్యవస్థలో అది కనిపిస్తూనే ఉంటుంది, దాచి సాధించేదేమీ లేదు.

కొత్త క్లబ్ తటపటాయించడమూ మామూలే, పాత క్లబ్ పరిహారం తమ నెత్తిన పడుతుందేమోనని. ఫ్రెంచ్ ఆటగాడు లస్సానా దియారా విషయంలో జరిగింది అదే. లోకోమోటివ్ మాస్కోతో గొడవ తర్వాత ఆయన్ను తీసుకోవాలనుకున్న బెల్జియం క్లబ్ షార్లెరోయ్ వెనక్కి తగ్గింది. 2024 అక్టోబర్ 4న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ ఫిఫా నిబంధనలను తప్పుపట్టింది, డిసెంబర్‌లో ఫిఫా తాత్కాలిక నిబంధనలు తెచ్చింది.

క్లెయిమ్ దాఖలు చేయడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. ఫిఫా ఆన్‌లైన్ పోర్టల్‌లోనే వేయాలి, ఆటగాడు ఒక పక్షమైతే ఫీజు లేదు. కాంట్రాక్ట్, నోటీసులు, రద్దు లేఖ, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, వకాల్తా, సంతకం చేసిన బ్యాంక్ ఖాతా ఫారం కావాలి. కాగితాలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్‌లలో లేకపోతే అనువాదం జతచేయాలి. మేం అనువాదం లేని రెండు పేజీలు పెట్టి, తర్వాత పరుగులు పెట్టాం. జీతం ఇచ్చామని నిరూపించాల్సింది క్లబ్బే. అందుకే చేతికి నగదు ఇచ్చి ఖాళీ రసీదు మీద సంతకం అడిగితే పెట్టకండి. జీతాన్ని రెండుగా చీల్చి ఒక భాగం "ఇమేజ్ హక్కుల" (ఆటగాడి పేరు, ఫోటో ప్రచారానికి వాడుకునే హక్కుల) కాంట్రాక్టులో పెట్టి ఉంటే, ఆ భాగం తమ పరిధిలోకి రాదని ట్రిబ్యునల్ అనే ప్రమాదం ఉంది. అది కూడా జీతమేనని చూపించే ఆధారాలు విడిగా సమకూర్చుకోవాలి.

నిర్ణయం మొదట తీర్పు భాగం మాత్రమే వస్తుంది. పది రోజుల్లో కారణాలు అడగకపోతే అదే అంతిమం, అప్పీలు హక్కు పోతుంది. కారణాలు అందాక 21 రోజుల్లో లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లొచ్చు. మా క్లబ్ కారణాలు అడిగింది కానీ అప్పీలుకు పోలేదు.

అసలు బలం అవే బదిలీ నిబంధనల్లోని 24ది. 45 రోజుల్లో కట్టకపోతే క్లబ్ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవడం మీద నిషేధం, వరుసగా మూడు విండోల (ఆటగాళ్లను నమోదు చేసుకునే కాలాల) వరకు. గడువు దాటినా ఉలకని క్లబ్, విండో తెరుచుకునే ముందు తానే ఫోన్ చేసింది. వాయిదాలు అడిగితే ఒప్పుకున్నాం, కానీ ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వడ్డీతో సహా వెంటనే చెల్లించాలన్న షరతు రాయించాం. దివాలా తీసిన క్లబ్ అయితే ఈ నిషేధంతో పని జరగకపోవచ్చు. అక్కడి దివాలా ప్రక్రియలో క్లెయిమ్ వేసి ఉంచాలి. అదే పేరు, రంగులు, మైదానంతో కొత్త సంస్థ పుట్టుకొస్తే వారసత్వ క్లబ్‌గా దాన్ని పట్టుకోవడానికీ అది అవసరం.

చివరి వాయిదాలో 38 యూరోలు తక్కువ పడ్డాయి, మధ్యలో ఉన్న బ్యాంకు తన చార్జీలు కోసుకుంది. క్లబ్‌కు రాసి అవి కూడా తెప్పించుకున్నాకే, మొత్తం అందిందని ఫిఫాకు తెలియజేశాం.