తళ్ళికోట కాదు, 1614ని మార్చి చూడండి

విజయనగరం మీద ఆల్టర్నేట్ హిస్టరీ (చరిత్రలో ఒక్కటి మారుంటే ఏమయ్యేదన్న ఊహ) అనగానే మనోళ్ళంతా 1565 దగ్గరే కూర్చుంటారు, అళియ రామరాయలు తళ్ళికోటలో గెలిచుంటే అని. నాకైతే అది బోర్ కొట్టేసింది. ఆ యుద్ధంతో హంపి పోయింది గానీ రాజ్యం పోలేదుగా! తిరుమల రాయలు ఖజానా ఏనుగుల మీదకెక్కించి పెనుకొండ చేరాడు, తర్వాత రెండో వెంకటపతి రాయలు చంద్రగిరి, వేలూరుల నుంచి 1614 దాకా బానే నెట్టుకొచ్చాడు.

అసలు దెబ్బ ఆయన పోయాకే. వారసుడిగా అన్న కొడుకు శ్రీరంగడి పేరు చెప్పి పోతే, రాణి తరఫు గొబ్బూరి జగ్గరాయుడు ఒప్పుకోలేదు, శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా ఖైదు చేసి చంపించేశాడు. ఒక్క పిల్లాడు రామదేవుణ్ణి మాత్రం వెలుగోటి యాచమ నాయకుడు ముందే బయటికి తెప్పించాడు, అదీ ఒక చాకలతని సాయంతో! ఆనాటి జెసూట్ పాద్రి బరదాస్ ఉత్తరంలో ఉందిది, సినిమా సీన్ లాగే ఉంటుంది. ఆ తర్వాత తోపూరు యుద్ధం, 1616-17. రాయల సామంతుల్లో తంజావూరు రఘునాథ నాయకుడు పిల్లాడి వైపు, మధుర నాయకుడు జగ్గరాయుడి వైపు. జగ్గరాయుడు చచ్చాడు, పిల్లాడికి సింహాసనం దక్కింది, కానీ మధుర లాంటి వాళ్ళు ఇక రాయలవారి మాట ఖాతరు చేస్తే ఒట్టు.

నా వెర్షన్‌లో జగ్గరాయుడు నోరు మూసుకుంటాడు, అంతే, ఇంకేం మార్చను. 1636లో షాజహాన్‌తో ఒప్పందాలు కుదిరాక బీజాపూర్, గోల్కొండలకి ఉత్తర దిక్కు బెంగ తీరిపోయి ఎలాగూ దక్షిణానికే వస్తాయి, అది ఆగదు. కాకపోతే వేలూరులో తర్వాతి రాజు మూడో శ్రీరంగరాయలు ఒంటరిగా దొరకడు, మధుర, తంజావూరు సైన్యాలు వెనకుంటాయి. నిజంగా జరిగిందేమో ఆయన చివరికి కర్ణాటకలోని కెళది పాలకుడు శివప్ప నాయకుడి పంచన చేరడం, పాపం.

మొత్తం దక్షిణం నిలబడుతుందని నేననను. రాయలసీమ పోవచ్చు, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఫిరంగులకి గండికోట లొంగక తప్పదేమో. కానీ చంద్రగిరి నుంచి కావేరి దాకా ఒక చిన్న రాజ్యం మిగలడం అసాధ్యమేం కాదు, ఒకప్పుడు రాయల సామంతులైన మైసూరు ఒడెయార్లు మధ్యలో గద్దె పోయినా 1947 దాకా రాలేదా? మధుర నాయకుల బంధువర్గమైతే శ్రీలంకలో క్యాండీని 1815 దాకా ఏలింది. 1639లో రాయల సామంతుడు దామర్ల వెంకటాద్రి ఇంగ్లీషోళ్ళకి మద్రాసులో జాగా ఎలాగూ ఇస్తాడు, కాకపోతే కోట గోడ ఎంత ఎత్తు కట్టాలో కూడా వేలూరుని అడిగే కట్టుకునేవాళ్ళు.