మా ఎండలూ, వనేడియం ట్యాంకులూ

“మీ ప్రాంతపు ఎండలకు ఈ వనేడియం ఫ్లో బ్యాటరీ నిలవదు” అని మా పెద్ద ఇంజనీరు నలుగురి ముందు అన్న మాట నన్ను ఇంకా వదలలేదు. జపాన్‌లోని హొక్కయిడో దీవిలో ఈ బ్యాటరీ ట్యాంకుల మధ్యనే పనిచేస్తున్నాను కనుక అందులోని శాస్త్రం నాకు తెలుసు. ఒడిశాలోని మా కొరాపుట్, మల్కనగిరి సీమను ఒక్క వాక్యంతో పక్కకు తోసేయడమే నొప్పించింది.

ఈ బ్యాటరీలో శక్తి దాగి ఉండేది రెండు ట్యాంకుల ద్రవంలో. గంధకామ్లంలో కరిగిన వనేడియం అనే లోహమే రెండింటిలోనూ ఉంటుంది. విద్యుత్తు ఇస్తున్నప్పుడు ఋణధ్రువం వైపు అది ఆక్సీకరణ స్థితి (ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయిందో చెప్పే అంకె) రెండు నుంచి మూడుకు మారి ఊదా రంగు వదిలి ఆకుపచ్చనవుతుంది, ధనధ్రువం వైపు ఐదు నుంచి నాలుగుకు దిగి పసుపు నుంచి నీలమవుతుంది. పంపులు ఆ ద్రవాలను సెల్‌లలోకి పంపుతాయి, నడుమనున్న పొర గుండా అయాన్లు దాటుతాయి, ఎలక్ట్రాన్లు బయటి తీగల్లో నడుస్తాయి. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 1.26 వోల్టులే కాబట్టి సెల్‌లను దొంతరగా పేరుస్తారు. పొర గుండా కొంత వనేడియం అవతలికి జారినా, రెండువైపులా ఒకే మూలకం ఉన్నందువల్ల ద్రవాన్ని మళ్లీ సరిచేసుకోవచ్చు.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పవర్ హౌస్‌లో పనిచేసి రిటైరైన మా చిన్నాన్నకు ఫోనులో ఇదంతా చెబితే, “అయితే జలాపుట్‌లో నీళ్లు ఆపినట్టే కదరా!” అన్నారు. అక్షరాలా అంతే. ఒనకఢిల్లీలోని ఆ పవర్ హౌస్‌లో ఉన్న 120 మెగావాట్ల యంత్రాలు విద్యుత్తు ఎంత జోరుగా రావాలో తేలుస్తాయి, ఎంతకాలం రావాలో జలాపుట్ జలాశయం తేలుస్తుంది. ఈ బ్యాటరీలో ఆ రెండు పనులూ సెల్‌ల దొంతరవి, ట్యాంకులవి. చైనాలోని దాలియన్‌లో 2022లో మొదలైన ఇలాంటి బ్యాటరీ కేంద్రం 100 మెగావాట్లను నాలుగు గంటలపాటు ఇవ్వగలదు.

ఇక వేడి సంగతి. మామూలు ద్రవం 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. అది 40 దాటితే, నిండుగా ఛార్జయిన ధనధ్రువపు ద్రవంలోంచి వనేడియం పెంటాక్సైడ్ మడ్డిగా విడివడి, సెల్‌లలో ఎలక్ట్రోడుగా పనిచేసే సచ్ఛిద్రమైన కార్బన్ ఫెల్ట్‌ను పూడ్చేస్తుంది. చలి ముదిరితే ఋణధ్రువపు ట్యాంకులో లవణాలు గడ్డకడతాయి. అందుకే ఇక్కడ శీతాకాలమంతా ట్యాంకుల గదిని వెచ్చబెడతాము, దానిని ఎవరూ ఈ దీవి లోపంగా ఎంచరు. మల్కనగిరిలో వేసవి 40 దాటుతుంది, కాదనను. నీడపట్టున షెడ్డు, ద్రవాన్ని చల్లబరిచే ఏర్పాటు కావాలి, దానికి కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. పెట్టిన విద్యుత్తులో నాలుగో వంతు మేర ఎలాగూ నష్టపోయే పద్ధతిలో ఆ అదనపు ఖర్చు చిన్నదని కూడా చెప్పను. అయితే కొరాపుట్ పీఠభూమి మల్కనగిరి కాదు. పుష్యమాసపు రాత్రులు అక్కడ 10 డిగ్రీల కిందికి దిగుతాయి, కాబట్టి మా వాళ్లకు హీటరు కూడా అవసరమే! పైగా 1980లలో ఈ బ్యాటరీకి రూపమిచ్చిన మరియా స్కిలాస్-కజాకోస్ బృందం పనిచేసింది సిడ్నీలో, ఎండలు బాగా ఎరిగిన దేశంలో.

బరువూ, చోటూ ఎక్కువే గాని, నీరు కలిసిన ఈ ద్రవం మండదు. ఎక్కడ పెట్టవచ్చని చిన్నాన్న అడిగితే, మాచ్‌ఖండ్ లైన్లకు దగ్గరగా లమ్తాపుట్ వైపు మెట్టభూముల్లో అని చెప్పాను.