ప్రొవైడ్‌లో ఉన్న ముందుచూపు

మాది కావలి. తాసిల్దారాఫీసుకి దగ్గర్లో చిన్న డీటీపీ, జిరాక్సు షాపు నాది. 12 ఏళ్ళ నుంచి పొద్దన తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి ఎనిమిది దాకా అర్జీలు, అగ్రిమెంట్లు, బయోడేటాలు కొడతానే ఉంటా. ఇన్నేళ్ళలో నా కీబోర్డు మీద ఎక్కువసార్లు పడిన ఇంగ్లీషు క్రియ ఏదంటే తడుముకోకుండా చెప్తా, ప్రొవైడ్. వచ్చే వాళ్ళలో సగం మందికి అది 'గివ్'కి పట్టుబట్ట కట్టినట్టు. "గివ్ అని కొట్టబాకక్కా, చిన్నగా ఉంటాది, ప్రొవైడ్ అని కొట్టు, ఆఫీసరు చూస్తాడు" అంటారు. నేను కూడా చాన్నాళ్ళు అట్టానే అనుకున్నా, అడిగిన చోటల్లా కొట్టి ఇచ్చినా. అది తప్పని నాకు తెలిసొచ్చింది ఒక రొయ్యల గుంటల లీజు కాగితం దగ్గర, అది చెప్పాలనే ఈ పోస్టు.

ఆరేళ్ళ కింద సంగతి. గుంటలు ఇచ్చే పెద్దాయన, తీసుకునే అన్న, ఇద్దరూ కలిసే వచ్చినారు, బాగా మాట్లాడుకున్న వాళ్ళే. ఏటికి ఇంత, అడ్వాన్సు ఇంత, గట్లు ఎవరు వేసుకోవాల, అన్నీ వాళ్ళు తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లీషులో కొడతా ఉండా. కరెంటు దగ్గరకి వచ్చేసరికి పెద్దాయన "కరెంటు నేనిస్తానమ్మా" అన్నాడు. నేను 'ది ఓనర్ షల్ ప్రొవైడ్ ఎలక్ట్రిసిటీ టు ది పాండ్స్' అని కొట్టేసినా. ఇద్దరూ సంతకాలు పెట్టి, పక్కన టీ తాగి పోయినారు.

రొయ్యల గుంట గురించి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాల. గుంటలో ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే మోటార్లు, తిరగతా ఉండాల, ముఖ్యంగా రాత్రిపూట, ఎందుకంటే నీళ్ళలో ఉండే నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదుల్తాది గానీ చీకటి పడితే అదీ తీసుకునేదే, తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయి రొయ్య పైకి తేలిపోతాది, అట్టా తేలిందంటే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి కరెంటు బిల్లంటే చిన్న లెక్క కాదు. రెండో నెల్లో బిల్లు చేతికి రాంగానే ఇద్దరూ మళ్ళీ నా షాపుకే వచ్చినారు, ఈసారి వేరువేరు బండ్ల మీద. తీసుకున్నన్న కాగితం చూపించి "ప్రొవైడ్ అని రాసుంది గదా, అంటే ఆయనే కట్టాల" అంటాడు, పెద్దాయనేమో "నేను లైను లాగిస్తా అన్నా, స్తంభం వేయించినా, మీటరు పెట్టించినా, బిల్లు కూడా నేనెట్టా కడతా" అంటాడు. ఇద్దరూ నా మొహం చూస్తుండారు. ఆ కాగితంలో మాట నాది, పెద్దాయన నోట్లోని 'ఇస్తా'లో ఏం ఉందో అడగకుండా కొట్టింది నేను. ఆ పొద్దు నాకు అన్నం సయించలా.

చివరికి ఆ నెల బిల్లు చెరిసగం వేసుకున్నారు, కాగితం తిరగ రాసినాం. 'ది ఓనర్ షల్ ప్రొవైడ్ ది సర్వీస్ కనెక్షన్ అండ్ ది మీటర్. ది లెస్సీ షల్ పే ది మంత్లీ ఛార్జెస్'. రెండు ముక్కలు, అంతే, కనెక్షను, మీటరు పెట్టించేది ఓనరు, నెలనెలా బిల్లు కట్టేది లెస్సీ, అంటే లీజుకి తీసుకున్నోడు. ప్రొవైడ్ అంటే అవతలి మనిషికి అవసరమైంది అందేటట్టు ఏర్పాటు చేయడం, దానికి డబ్బులు ఎవరు పెట్టుకోవాలనేది ఆ మాటలో లేదు. అది వేరేగా రాయాల్సిందే. మన రాజ్యాంగం చూడండి, 2002లో 86వ సవరణతో చేర్చిన 21ఎ ఆర్టికల్‌లో ఏముంది, 'ది స్టేట్ షల్ ప్రొవైడ్ ఫ్రీ అండ్ కంపల్సరీ ఎడ్యుకేషన్ టు ఆల్ చిల్డ్రన్' అని ఉంది, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి. 39ఎలో కూడా 'ప్రొవైడ్ ఫ్రీ లీగల్ ఎయిడ్' అనే ఉంది. ఒట్టి ప్రొవైడ్‌లోనే ఉచితం అనే అర్థం ఉండుంటే ఆ 'ఫ్రీ'ని పనిగట్టుకుని పెట్టాల్సిన పనేముంది. ఇప్పుడు నా షాపులో ఎవరు ప్రొవైడ్ అన్నా "ఖర్చు ఎవరిది అన్నా" అని అడిగి గానీ ఎంటర్ కొట్టను.

ఆ తర్వాతే ఈ మాటని పట్టుకుని కూర్చున్నా. డిక్షనరీలో దీని పుట్టుక చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది, నిజంగా. లాటిన్‌లో 'ప్రో' అంటే ముందు, 'విడేరే' అంటే చూడటం. ప్రొవైడ్ అంటే మొదట్లో ముందుగా చూడటం, అంటే అచ్చంగా మన ముందుచూపే. మనం రోజూ చూసే వీడియో కూడా ఆ చూడటంలోంచి వచ్చిందే, మన వేదం, విద్య అనే మాటల్లో ఉండే 'విద్' ధాతువు కూడా దానికి చుట్టమే. ముందు చూడకుండా అప్పటికప్పుడు చేసేదాన్ని ఇంప్రొవైజ్ అంటాం, అదీ ఈ ఇంటి పిల్లే. కిరాణా అంగడి బోర్డు మీద ప్రొవిజన్స్, ఒరిజినల్ వచ్చే దాకా కాలేజీ వాళ్ళిచ్చే ప్రొవిజనల్, జీతంలో కోసే ప్రొవిడెంట్ ఫండ్, అన్నీ ఒకే వేరు. ప్రొవిడెంట్ ఫండ్‌ని తెలుగులో భవిష్య నిధి అని పెట్టినారు చూడండి, ఆ పేరు పెట్టినోళ్ళకి దణ్ణం పెట్టాల, మాట లోపల ఉండే చూపుని పట్టుకున్నారు.

చేతిలో ఉండేది ఇవ్వడానికి ముందుచూపు అక్కర్లేదు. పెన్నడిగితే జేబులోంచి తీసి ఇస్తాం, అది గివ్. 'ప్రొవైడ్ మి ఎ పెన్' అనకూడదు. పరీక్ష రాసే వాళ్ళకి హాల్లో పెన్నులు ముందే తెచ్చి పెట్టుంటే అప్పుడు 'పెన్స్ విల్ బి ప్రొవైడెడ్'. సప్లై అంటే లెక్క ప్రకారం వస్తానే ఉండేది, ఐసు, మేత, మున్సిపాలిటీ నీళ్ళు. లీవు అడిగేటప్పుడు ప్రొవైడ్ వద్దు, లీవు పైవాడు మంజూరు చేసేది, దానికి గ్రాంట్. సర్టిఫికెట్టుకి ఇష్యూ. నా దగ్గరకి వచ్చే అర్జీల్లో పదికి ఆరు ఈ రెండు చోట్లే తప్పు పోతాయి, 'కైండ్లీ ప్రొవైడ్ మి టూ డేస్ లీవ్' అని, 'ప్రొవైడ్ మై క్యాస్ట్ సర్టిఫికెట్' అని.

ఇంక ఆ 'విత్' గొడవ. మనం 'నాకు వివరాలు ఇవ్వండి' అనుకుని 'ప్రొవైడ్ మి ది డీటెయిల్స్' అని రాసేస్తాం. గివ్‌కి అట్టా సరిపోతాది, ప్రొవైడ్‌కి మాత్రం మనిషిని ముందు చెప్తే వస్తువుకి విత్ తగిలించాల, 'ప్రొవైడ్ మి విత్ ది డీటెయిల్స్'. వస్తువుని ముందు చెప్తే మనిషికి టు గానీ ఫర్ గానీ, 'ప్రొవైడ్ మీల్స్ ఫర్ ది వర్కర్స్'. పిల్లలు ఇది బట్టీ పట్టి మర్చిపోతారు. నేనెట్టా చెప్తానంటే, 'బస్తాని వడ్లతో నింపినా' అంటాం గదా, 'కూతుర్ని సారెతో అత్తగారింటికి పంపినా' అంటాం గదా, అక్కడ బస్తాకీ కూతురికీ 'ని' వచ్చింది, వడ్లకీ సారెకీ 'తో' వచ్చింది. ప్రొవైడ్ సరిగ్గా ఆ అచ్చులోదే. మనిషి ముందు, అవసరం చూసి సమకూర్చింది 'తో'. ఇట్టా చెప్పినాక మళ్ళీ తప్పు రాసిన పిల్లని నేను చూడలా.

తెలుగులో దీనికి సరిపోయే మాట ఒక్కటి చెప్పమంటే నా వల్ల కాదు. అన్నం పెడతాం, మజ్జిగ పోస్తాం, సౌకర్యం కల్పిస్తాం, సాయం అందిస్తాం, పని చూపిస్తాం. అన్నం 'ఇచ్చినాడు' అంటే మన చెవికే బాగుండదు, పెట్టే చెయ్యి వేరే. అన్నిట్నీ ఇంగ్లీషువాళ్ళు ఒక్క ప్రొవైడ్‌లో వేసుకున్నారు. కాబట్టి ఇంగ్లీషులోంచి తెలుగు చేసేటప్పుడు అన్నిచోట్లా 'అందించు' అని రాసే వాళ్ళని చూస్తే నాకు బాధేస్తాది, 'భోజనం అందించబడును' అని కల్యాణమండపం గోడ మీద ఎందుకు, 'భోజనం పెడతాం' అంటే పోలా.

ప్రొవైడ్‌కి 'అగైనెస్ట్' చేర్చి వాడేది ఒకటుంది, రాబోయే కష్టానికి ముందే సర్దుకోవడం. అది చదివినప్పుడల్లా నాకు మా జేజి గుర్తొస్తాది. 1989 నవంబర్ తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది, థాయ్‌లాండ్ అవతల పుట్టి అక్కడి నేల దాటి మళ్ళీ బంగాళాఖాతంలోకి దిగి మా మీదకి వచ్చింది. దాన్ని చూసిన జేజి ఆ తర్వాత బతికున్నన్నాళ్ళు దసరా పోంగానే పని మొదలుపెట్టేది, మాకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గదా. చింతపండు ఉండలు చేసి జాడీలో వేసి బట్ట కట్టేది, ఒక మూట బియ్యం అటక మీదకి ఎక్కించేది, కిరసనాయిలు డబ్బా, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యంలో దోపేది. అగ్గిపెట్టె బియ్యంలో ఎందుకే అని అడిగితే "చెమ్మ బియ్యం తాగుద్ది, పుల్ల గీసుకుంటాది" అనేది. ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. ప్రొవైడ్ అగైనెస్ట్‌కి అంతకంటే మంచి ఉదాహరణ నేను ఏ గ్రామర్ పుస్తకంలోనూ చూళ్ళా.

'ప్రొవైడెడ్ దట్' గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతా. అది క్రియ లాగా కనిపిస్తాది గానీ అక్కడ దాని అర్థం 'ఇట్టా అయితేనే' అని, షరతు. చట్టాల్లో ఆ మాటతో మొదలయ్యే పేరాని ప్రొవైజో అంటారు. రాష్ట్రాల్ని విడదీసే మూడో ఆర్టికల్‌లో కూడా ఉంది, రాష్ట్రపతి సిఫార్సు లేకుండా ఆ బిల్లు పెట్టకూడదని. అగ్రిమెంట్లో ఈ మాట కనపడితే వేలు పెట్టి రెండుసార్లు చదవండి, ముందు లైన్లో ఇచ్చిందాన్ని ఈ లైన్లో వెనక్కి తీసుకోగలదు.

పోయినేడు అల్లూరు నుంచి ఒక పాప వచ్చింది, నర్సింగ్ అయిపోయింది, వాళ్ళ నాయన లేడు, తమ్ముడు ఇంటరు. ఉద్యోగానికి లెటరు తనే రాసుకొచ్చింది, నన్ను కొట్టమని. చివర్లో 'ఐ హావ్ టు ప్రొవైడ్ మై ఫ్యామిలీ' అని ఉంది. అట్టా రాస్తే కుటుంబాన్నే ఎవరికో సప్లై చేస్తానన్నట్టు అవుతాది తల్లీ, ఫర్ పెట్టాల, 'ప్రొవైడ్ ఫర్ మై ఫ్యామిలీ' అన్నా. ఫర్ ఎందుకక్కా అంది. నేను కాసేపు ఆలోచించి, "మీ అమ్మని ఎవరు చూసుకుంటారు" అని అడిగినా. "నేనే చూసుకుంటా" అంది. "ఆ చూసుకోవడమే ప్రొవైడ్ ఫర్. వాళ్ళ భాషలోనూ లోపల చూడటమే ఉంది, మన మాటలోనూ చూడటమే ఉంది" అన్నా. పాప కాగితం తీసుకుని పెన్నుతో మధ్యలో చిన్నగా ఫర్ అని ఇరికించి, కింద గీత గీసి, మళ్ళీ నా చేతికిచ్చింది.

ఉద్యోగం వచ్చింది, నెల్లూరులో. మొన్న సంక్రాంతికి ఇంటికి పోతా పోతా షాపులో దిగింది, పీఎఫ్‌కి నామినీ ఆన్‌లైన్లో పెట్టాల అని. పర్సులోంచి వాళ్ళమ్మ ఆధార్, ఒక పాస్‌పోర్ట్ ఫోటో తీసింది, ఫోటో కొత్తది, స్టూడియో కవర్లోనే ఉంది ఇంకా. స్కాన్ చేస్తుంటే స్క్రీన్ మీద భవిష్య నిధి అని చూసి, "అక్కా, ఇదీ ఆ ప్రొవైడే గదా" అంది.