పెరూజాలో మన తెలుగు మాస్టారు

మన బడి సంచికకు ఇటలీ గురించి రాయమన్నారు. రోమ్, వెనిస్ ఫొటోలు ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నలుగురి ముందు నిలబడి ఇటాలియన్‌లో మాట్లాడటం ఎలా వచ్చిందో రాస్తాను. అందులో మన తెలుగు మాస్టారి వాటా చాలా ఉంది.

పెరూజా ఉంబ్రియా ప్రాంతంలో కొండ మీద కట్టుకున్న పాత ఊరు. విదేశీయులకు ఇటాలియన్ నేర్పే విశ్వవిద్యాలయం అక్కడుంది. ఆస్తొర్రె లుపాత్తెల్లి అనే లాయరు 1921లో మొదలుపెట్టిన తరగతులే తర్వాత అలా పెరిగాయి. నేను చేరింది బీ2 కోర్సులో, అంటే ఐరోపా వాళ్ళు భాషకు పెట్టుకున్న ఆరు స్థాయిల్లో నాలుగోది. ఆ స్థాయి దాటాలంటే ఒక విషయాన్ని వరుసగా, ముఖ్యమైనవి ముఖ్యమైనవిగా వినబడేలా చెప్పగలగాలి. ఇటాలియన్‌లో బోధించే డిగ్రీలకు మామూలుగా అడిగేది కూడా ఇదే. ఎందుకంటే అక్కడి యూనివర్సిటీల్లో చాలా పరీక్షలు నోటితోనే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని ‘ఫలానా దాని గురించి చెప్పండి’ అంటే చెప్పుకుపోవాలి. మార్కులు 30కి, పాస్ కావాలంటే 18. బిట్ పేపర్లు రాసి పెరిగిన మనకు ఇదంతా టెన్షనే.

నాకు ప్రెజెంటేషన్‌కు వచ్చిన విషయం ఊరి నడిబొడ్డున ఉన్న ఫొంతానా మజ్జోరె, పెద్ద ఫౌంటెన్. నికోలా పిసానో, ఆయన కొడుకు జొవాన్ని చెక్కారు. 1278లో పూర్తయింది. కింది తొట్టికి 25 ముఖాలు, వాటి మీద 50 శిల్పఫలకాలు. పన్నెండు నెలలూ, వాటి రాశులూ, ఏ నెలలో ఏం పనిచేస్తారో అన్నీ రాతిలో ఉంటాయి. కోత, నూర్పిడి, ద్రాక్ష తొక్కడం. పల్లెటూరి నుంచి వచ్చినవాడికి చూడగానే అర్థమయ్యే బొమ్మలు.

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ పొగడ్త వల్ల నాకు ఒరిగిందేమీ లేదు కానీ ఒత్తులు మాత్రం బాగా పనికొచ్చాయి. ‘అన్నో’ అంటే సంవత్సరం. అందులో ఒత్తు ఊడిందంటే సభలో అనకూడని మాట అవుతుంది. ఫౌంటెన్ చరిత్ర చెప్పేటప్పుడు ఆ మాట రాకుండా ఎలా ఉంటుంది? బ్రెజిల్, జపాన్ స్నేహితులు దాని దగ్గర తెగ అవస్థపడేవాళ్ళు. పద్యంలో ఒక్క ఒత్తు జారినా మొదటి నుంచి చదివించిన మాస్టారి పుణ్యమా అని నాకు ఆ బాధ లేదు. 1278ని ‘మిల్లెదూఎచెంతోసెత్తంతొత్తో’ అని ఒక్క ఊపిరిలో చెప్పాలి. సంవత్సరాలన్నీ అక్షరాల్లో రాసుకుని, నడుస్తూ పైకి చదువుకునేవాణ్ణి. ఇంకో సంగతి, వాళ్ళ ‘త’ మన ‘త’ లాంటిదే. ఇంగ్లిష్ మీదుగా వెళ్ళినవాళ్ళం ‘టుట్టో’ అంటాం. ‘తుత్తో’ (అంతా) అనాలి.

మన తెలుగు అక్కరకు రానిచోటు ఊనిక. మనం అక్షరాలన్నీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం. వాళ్ళు ప్రతి మాటలో ఒక అచ్చు మీద నొక్కుతారు. చాలా మాటల్లో అది చివరి నుంచి రెండోది, ‘చిత్తా’ (ఊరు) అనేదాంట్లో చివరిది, ‘పార్లనో’ (మాట్లాడతారు) అనేదాంట్లో మొదటిది. నొక్కు మారితే వినేవాళ్ళ ముఖాల్లో ‘ఏమిటీ?’ అన్న చూపు కనిపిస్తుంది. మా టీచరమ్మ నా కాగితం మీద నొక్కవలసిన అచ్చుల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టించారు. వ్యాకరణం కన్నా ఆ గీతలే ఎక్కువ మేలు చేశాయని నా అభిప్రాయం.

మన వక్తృత్వ పోటీల్లో రాసుకున్నది బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవాళ్ళం. అక్కడ అది కుదరదు, మధ్యలో ఆపి అడుగుతారు. అందుకే టీచరమ్మ పూర్తి వాక్యాలు రాయనివ్వలేదు. ఒక చీటీ మీద నాలుగైదు మాటలు, వాటిని కలిపే ‘ప్రిమ ది తుత్తో’ (ముందుగా), ‘పస్సియామో ఆ’ (ఇక దీనికొద్దాం), ‘ఇన్ఫీనె’ (చివరగా) లాంటివి, అంతే. హరిదాసు కథ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుచేసి ముందుకు సాగినట్టు, ప్రతి మలుపులోనూ ఎక్కడున్నామో వినేవాళ్ళకు చెప్పాలన్నమాట. ఏం చెప్పాలో తోచకపోతే ‘ఆఁ’ అని సాగదీయకుండా ‘అల్లోరా’ (సరే మరి) అని ఊపిరి తీసుకోమన్నారు. ఊపిరి కూడా ఎక్కడపడితే అక్కడ తీసుకోకూడదు. ‘దెల్లా చిత్తా’ (ఊరి యొక్క) అని కలిసి రావలసినదాన్ని మధ్యలో తెంపితే అర్థం చెడుతుంది. మాస్టారు పద్యాన్ని పదాలుగా విడగొట్టించి, ఏది దేనితో కలుస్తుందో చెప్పించాకే చదవనిచ్చేవారు. అదే పని ఇక్కడ వేరే భాషలో చేశాను.

ప్రశ్నల దగ్గర జపాన్ అమ్మాయి ఒకామె, మీ ఊళ్ళో నూర్పిడి అయ్యాక గింజలు ఎలా శుభ్రం చేస్తారని అడిగింది. చేటకు ఇటాలియన్ మాట నా దగ్గర లేదు. ‘ఉనా స్పేచె ది’ అంటే ఒక రకమైన, ‘సెర్వె పెర్’ అంటే ఫలానా పనికి వాడేది. ఈ రెండూ దగ్గరుంటే ఏ వస్తువునైనా గట్టెక్కించవచ్చు. ఒక రకమైన వెదురు పళ్ళెం, ధాన్యంలోంచి పొట్టు పోగొట్టడానికి వాడతాం అని చెప్పి, చేతులతో చెరిగి చూపించాను. ఇటలీలో చేతులు తిప్పడం తప్పు కాదు కదా!

మన బడిలో పద్యాల పోటీ ఆగిపోయిందని విన్నాను. మళ్ళీ పెడితే బహుమతి ఖర్చు నాది. ఒక్కటే షరతు. పద్యం చదివాక పిల్లలు చేతిలో కాగితం లేకుండా దాని అర్థం చెప్పాలి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి. పోటీ తేదీ ఖాయం చేస్తే సెలవు చూసుకుని నేనూ వస్తాను.