అంకుల్, మీరు ఆలోచించట్లేదు: పక్షవాతం తర్వాత టోపీ థెరపీలో నా అనుభవం

టోపీతో మెదడు సిగ్నల్స్ పట్టుకుని, పడిపోయిన చేతిని కదిలించే చికిత్స ముగించుకుని నిన్న రాత్రే హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చాం. కోపం, సంతోషం రెండూ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను. రాయడమంటే ఎడమచేత్తో ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కడమే. కుడిచెయ్యి పడిపోయి పద్నాలుగు నెలలైంది.

నేను రాజోలు దగ్గర దస్తావేజు లేఖరిని. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ కుడిచేత్తో రాసే తిన్నాను. నేను రాసిన దస్తావేజులో హద్దులు తప్పాయని ఇంతవరకు ఒక్కడూ కోర్టుకెళ్ళలేదు, కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి.

ఆ రోజు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, మాట ముద్దగా వచ్చింది. మా వాళ్ళు పసరు పోయిస్తామని ఎక్కడికో తీసుకెళ్ళారు. స్కాన్ గదికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే పడాలట. పసరు సంగతి ఇంతకంటే రాస్తే చుట్టరికాలు తెగుతాయి. మీ ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, చెయ్యి జారినా ముందు 108కి ఫోన్ చెయ్యండి, చుట్టాలకి తర్వాత చేద్దురుగాని.

ఫిజియోథెరపీతో కాలు వచ్చింది, మాట వచ్చింది. చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఉండిపోయింది. గోళ్ళు తీయాలంటే మా ఆవిడ ఒక్కో వేలూ విడదీయాలి.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మెదడు సిగ్నల్స్‌తో చేతిని కదిలించే పరిశోధన జరుగుతోందని మా అల్లుడు చెప్పాడు. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటాలి, ఫిట్స్ ఉండకూడదు. రెండూ సరిపోయాయి. చించినాడ వంతెన దాటి నరసాపురంలో రైలెక్కాం.

ముందు సమ్మతి పత్రం ఇచ్చారు, తొమ్మిది పేజీలు. నా చేతికి కాగితం ఇస్తే ఊరుకుంటానా? మూడో పేజీలో "మీరు ఎప్పుడైనా ఉపసంహరించబడవచ్చు" అని ఉంది. "బాబూ, దీని ప్రకారం మీరు నన్ను గెంటెయ్యొచ్చు గానీ నేనుగా వెళ్ళిపోవడానికి వీల్లేదు" అన్నాను. దిద్దుకుని మళ్ళీ ప్రింటు తీశారు. తీరా సంతకం దగ్గరికొచ్చేసరికి స్టాంపు ప్యాడ్ నా ముందు పెట్టారు. ఊరందరి వేలిముద్రలూ వేయించినవాణ్ణి, ఎడమ బొటనవేలు నేనే నల్లగా చేసుకున్నాను.

తర్వాత టోపీ. ఊళ్ళో అందరూ "తలలో చిప్పు పెట్టారటగా" అంటున్నారు. అది వేరు. మస్క్ గారి న్యూరాలింక్ కంపెనీ 2024 జనవరిలో మొదటిసారి ఒక మనిషి మెదడులో అలాంటి చిప్పు పెట్టింది. నాది గుడ్డటోపీ, దానికి మెదడు సిగ్నల్స్ పట్టే పదహారు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ కిందా జిగురులాంటి జెల్. మొదటిరోజు బిళ్ళలు సిగ్నల్ ఇవ్వలేదు. కారణం కొబ్బరినూనె! ఊరెళుతున్నామని మా ఆవిడ గిన్నెడు నూనె మాడుకి పట్టించింది. కోనసీమ వాళ్ళం కదా, ఆయ్. రెండుసార్లు షాంపూతో తల రుద్దించి కూర్చోబెట్టారు.

ఇక అసలు బాధ. చెయ్యి ఊరికే పడుంటే దాన్ని నడిపే మెదడు భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల ఒకటి ఉంటుందట. చెయ్యి కదిపినా, కదుపుతున్నట్టు గట్టిగా అనుకున్నా ఆ అల తగ్గుతుంది. కంప్యూటరు ఆ తగ్గుదలని పట్టుకుని చేతికి తొడిగిన మోటారు తొడుగుకి చెబుతుంది, తొడుగు వేళ్ళు తెరుస్తుంది. అనుకోవడం, తెరుచుకోవడం, ఆ స్పర్శ మెదడుకి చేరడం వెంటవెంటనే జరగాలి. కాలవ పూడిపోతే పక్కనుంచి బోదె తవ్వి చేలోకి నీళ్ళు తెచ్చినట్టు, మెదడులో పక్కదారి పడుతుందని వాళ్ళ ఆశ. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021లోనే ఇలాంటి పరికరానికి అనుమతి ఇచ్చింది. దాని పేరు ఇప్సిహ్యాండ్. అది దెబ్బ తగలని వైపు మెదడు నుంచే సిగ్నల్ తీసుకుంటుంది.

వినడానికి బాగానే ఉంది. "చెయ్యి తెరుస్తున్నట్టు ఊహించండి, కదపకండి" అన్నాడు కంప్యూటర్ దగ్గరున్న కుర్రాడు. ఊహించాను. అల తగ్గితే తెర మీద గీత లేవాలి, లేవలేదు. బలం పెట్టాను. "దవడ బిగించకండి అంకుల్, ఆ కండరాల కరెంటు సిగ్నల్‌ని ముంచేస్తోంది." కళ్ళు ఆర్పకూడదు. మెడ తిప్పకూడదు. నలభైసార్లు చేయిస్తే తొడుగు పదకొండుసార్లు తెరుచుకుంది. అవి కూడా గాలివాటం అని అతను అల్లుడికి చెప్పడం నేను విన్నాను. పక్క కుర్చీలో ఇరవై ఏళ్ళ పిల్ల తొడుగు టకటకా తెరుచుకుంటోంది.

రెండోరోజు ఎనిమిదే. అప్పుడన్నాడు: "అంకుల్, మీరు ఆలోచించట్లేదు."

అన్నదమ్ముల వాటాలు, మూడు తరాల లింకు డాక్యుమెంట్లు బుర్రలో పెట్టుకుని తిరిగినవాణ్ణి. నన్ను! అదీ అల్లుడి ముందు! ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే నరసాపురం రైలెక్కేద్దామని మా ఆవిడతో గొడవ పడ్డాను. "ఎక్కండి, గోళ్ళు మీరే తీసుకోండి" అంది.

మూడోరోజు భీమవరం వైపు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. "మాస్టారూ, చెయ్యి మీకు బొమ్మలా కనపడుతోందా, లేక చేస్తున్నట్టు అనిపిస్తోందా?" అంది. బొమ్మే. టీవీలో ఎవరిదో చెయ్యి చూసినట్టు. "చూడకండి, లోపల్నుంచి చెయ్యండి. మీ చెయ్యి వేలసార్లు చేసిన పనేంటి?" రాయడం అన్నాను. ప్రయత్నిస్తే గీత లేవలేదు. ఆ అమ్మాయే అంది, రాయడంలో వేళ్ళు ముడుచుకుంటాయి, మాకు తెరుచుకోవాలి అని.

అప్పుడు గుర్తొచ్చింది. దస్తావేజుకొచ్చే ముసలి రైతుల చేతులు. గట్టిపడి, భయంతో బిగుసుకుని ఉండేవి. వాళ్ళ ఎడమ పిడికిట్లోకి నా వేళ్ళు దూర్చి, నా చెయ్యి విప్పుకుంటూ వాళ్ళ చెయ్యి విప్పించి బొటనవేలు ప్యాడ్ మీద ఆనించేవాణ్ణి. ఆ గరుకు, ఆ చెమట తలుచుకున్నాను. గీత లేచింది, తొడుగు తెరుచుకుంది. ఆ రోజు నలభైకి ఇరవై ఆరు. కుర్రాడు "సూపర్ సర్" అన్నాడు. అంకుల్ పోయి సర్ అయింది, గమనించాను.

మిగతా ఆరు వారాలు చెప్పడానికేం లేదు, వెళ్ళడం, తల కడుక్కోవడం, రావడం. చేతి కదలికకి 66 మార్కుల పరీక్ష ఒకటుంది, అందులో 19 నుంచి 25కి వచ్చాను. పెన్ను పట్టలేను, చొక్కా బొత్తాం పెట్టలేను. వేళ్ళు సగం దాకా నేనే తెరవగలను, ఖాళీ గ్లాసు పట్టగలను. మీరు వెళితే నూనె రాసుకోకండి. మీ చేతికి బాగా తెలిసిన పని ఒకటి ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్ళండి, ఎందుకంటే అక్కడి కుర్రాళ్ళు ఆ మాట ముందుగా చెప్పరు.

చివరిరోజు ఇంకో కాగితం ఇచ్చి ప్యాడ్ ఎడమవైపు పెట్టారు. కుడివైపుకి జరపమన్నాను. వేళ్ళు విప్పుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది, వెనకాల క్యూ పెరిగింది. ముద్ర ఒక పక్క అలికినట్టు పడింది. మా ఆఫీసు దగ్గరైతే అలాంటి ముద్రని నేనసలు ఒప్పుకునేవాణ్ణి కాదు.