పడవ రోజు

కార్తీకం, ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకే మా ఆవిడ కాలువ స్నానానికి బయల్దేరింది. గేటు గడియ చప్పుడుకి నాకూ మెలకువ వచ్చింది. లేవగానే ఎడమ మణికట్టు మీద కుడి చేతి వేళ్ళు ఆనించి చూసుకున్నాను. అక్కడ నాకు ఫిస్టులా ఉంది, ధమనినీ సిరనీ కలిపి కుట్టిన చోటు. రక్తం జోరుగా పారుతుంటుంది కాబట్టి చర్మం కింద సన్నటి అదురు తెలుస్తుంది, పిల్లి ఒళ్ళో పడుకుని గురగురలాడినట్టు. ఆ అదురు ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఈ రెండేళ్ళలో దాన్ని తడిమి చూడకుండా ఏ రోజూ మొదలవలేదు. ఉంది, బాగానే ఉంది. తర్వాత బరువు చూసుకుని నోటుబుక్కులో రాశాను. 61.7.

నా డ్రై వెయిట్ 60.5. ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండాల్సిన బరువు అది. సోమ, బుధ, శుక్రవారాలు నాకు డయాలిసిస్. మిషను మీద పడుకున్న నాలుగు గంటల్లో కిడ్నీలు తీయలేకపోయిన నీటిని తీసేస్తారు. శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారమే. మధ్యలో రెండు రోజులు. అందుకే వారం మొత్తంలో ఆదివారమే నాకు కష్టమైన రోజు. పొద్దున్నే 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి నింపి బల్ల మీద పెట్టుకుంటాను. మందులకైనా, కాఫీకైనా, దాహానికైనా అదే. చారు పోసుకున్నా, మజ్జిగ తాగినా అన్ని నీళ్ళు సీసాలోంచి తీసి పారబోస్తాను. అలా చేస్తేనే లెక్క తప్పదు.

గోదావరి రెండు పాయల మధ్య, కాలువ గట్టున పుట్టిన వాణ్ణి. నీళ్ళు కొలుచుకుని తాగే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లున్నాయి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, నాకు పనికిరావు. అరటిపండూ అంతే. దింపు తీసేవాడు వచ్చినప్పుడల్లా అలవాటుకొద్దీ ఒక బొండాం కొట్టి నా చేతికి ఇవ్వబోయి, గుర్తొచ్చి ఆగిపోతాడు. ఆ క్షణం ఇద్దరికీ బాధగానే ఉంటుంది.

కాలువ నుంచి మా ఆవిడ తడి చీరతో వచ్చి, అరటిదొప్పలో దీపం పెట్టి వదిలితే లాకుల దాకా ఆరిపోకుండా పోయిందని చెప్పింది. "గాలి లేదండి ఇవాళ. మీ పడవకి ఎలాగో మరి" అంది. నాకు చాలా సంతోషమేసింది. దీపం వదిలి దణ్ణం పెట్టుకుంటూ కూడా నా పడవకి గాలి గురించి ఆలోచించింది కదా.

ఈ పడవ పని ఎలా మొదలైందో ఎప్పుడూ రాసుకోలేదు. రాయాలి.

డయాలిసిస్ మొదలైన కొత్తల్లో మిషను మీద నాలుగు గంటలు గడవడమే పెద్ద గండంగా ఉండేది. ఎడమ చేతికి రెండు సూదులు, ఒకదాంట్లోంచి రక్తం బయటికి, ఇంకోదాంట్లోంచి లోపలికి. ఆ చెయ్యి కదపకూడదు. కళ్ళు మూసుకుంటే లేనిపోని ఆలోచనలు. ఒకరోజు మందుల షాపు వాళ్ళిచ్చిన క్యాలెండరు కాగితం వెనక కుడి చేత్తో ఊరికే గీతలు గీస్తుంటే అది పడవ పొట్ట ఆకారం అయింది. చిన్నప్పుడు మా లాకుల పక్కన గట్టు మీద ఒక పాత తెరచాప పడవ బోర్లా పడి ఉండేది. వానొస్తే దాని కిందికి దూరేవాళ్ళం. లోపల్నుంచి చూస్తే వంపు తిరిగిన చెక్కలు వరసగా, మనిషి పక్కటెముకల్లాగ కనిపించేవి. అన్నేళ్ళ తర్వాత అది చెయ్యి వెంట వచ్చేసింది. నర్సమ్మ చూసి "ఏం బొమ్మండీ మాస్టారూ?" అంటే పడవ అని చెప్పాను. చెప్పిన తర్వాత చెయ్యాలనిపించింది.

మా తాతయ్య కాలువ పడవల మీద కళాసీగా పనిచేశాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడంతో పాటు పడవలకు దారులు కూడా అయ్యాయి. ధాన్యం, కొబ్బరి, ఉప్పు, కలప అన్నీ వాటి మీదే పోయేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి తగిలించుకుని లాగేవాళ్ళు. పి.గన్నవరం దగ్గర కాలువ వైనతేయ మీదుగా అక్విడెక్టు ఎక్కి దాటుతుంది కదా, కింద నది, పైన కాలువ, ఆ కాలువలో పడవ. ఆ మాట చెప్పేటప్పుడు తాతయ్య గొంతే మారిపోయేది. లారీలు వచ్చాక పడవలు గట్టెక్కాయి. మా ఊళ్ళో బోర్లా పడింది కూడా ఒక వేసవిలో ఎవరో పొయ్యిలోకి నరికి పట్టుకుపోయారు.

నాది 30 అడుగుల పడవకి రెండడుగుల నమూనా. 15వ వంతు. పక్కటెముకలు తొమ్మిది, నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్. బద్దలు మా వీధి వడ్రంగి దగ్గర మిగిలిపోయిన టేకు ముక్కల్లోంచి రెండు మిల్లీమీటర్ల మందాన కోయించుకున్నాను. డబ్బులిస్తే తీసుకోలేదు. "మా అయ్య పడవలు కట్టినోడండి మాస్టారూ, తాళ్ళరేవులో" అన్నాడు. తాళ్ళరేవు, కోరంగి అంటే ఒకప్పుడు సముద్రం దాటే ఓడలు కట్టిన ఊళ్ళు. బర్మాలో మన తెలుగువాళ్ళని కోరంగీలు అనే పిలిచేవాళ్ళట. అంత పేరున్న రేవుని 1839 నవంబరులో వచ్చిన తుపాను ఊడ్చేసింది. అయినా ఆ పని ఆ చుట్టుపక్కల చేతుల్లోంచి పూర్తిగా పోలేదు. మా వడ్రంగి కాగితం మీద గీసుకోకుండానే బద్ద ఎక్కడ సన్నబడాలో కంటితో చూసి చెప్పేస్తాడు.

బద్దలు వేడినీళ్ళలో నానబెట్టి వంచి, బట్టల క్లిప్పులతో పట్టి ఉంచి, ఆరాక అంటించాను. ఎడమ చెయ్యి మీద బలం పెట్టకూడదు కాబట్టి మామూలుగా ఆ చెయ్యి చేసే పనంతా క్లిప్పులు చేశాయి. డయాలిసిస్ రోజు రక్తం గడ్డకట్టకుండా మందిస్తారు, చిన్న గాటు పడినా ఓ పట్టాన ఆగదు. ఆ రోజు ఉలీ బ్లేడూ ముట్టుకోను. అలా అలా, రోజుకి ఒక బద్ద, ఒక్కోసారి వారానికి రెండు. జ్వరం వచ్చి నెలన్నర ఆగిపోయింది. మొత్తం ఏడాది పట్టింది.

పోయిన ఆదివారం మొదటిసారి కాలువలో దింపాను. తెరచాప ఎత్తగానే బోర్లా పడిపోయింది. పక్కింటి కుర్రాడు గెడ కర్రతో లాక్కొచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత బాధపడ్డాను. అయితే మర్నాడు మిషను మీద పడుకుని ఆలోచిస్తే విషయం అర్థమైంది. ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ముందే తట్టాల్సింది.

పడవని 15వ వంతుకి తగ్గిస్తే తెరచాప వైశాల్యం 15 ఇంటూ 15, అంటే 225వ వంతు అవుతుంది. బరువు 15 ఇంటూ 15 ఇంటూ 15, అంటే 3375వ వంతు అయిపోతుంది. ఎత్తు, వెడల్పు రెండూ ఒకేలా తగ్గుతాయి. కానీ గాలి తగ్గదు. పెద్ద పడవని తోసిన గాలే దీన్నీ తోస్తుంది. అంటే అసలు పడవ కంటే నా నమూనా 15 రెట్లు తేలిగ్గా ఒరిగిపోతుంది. అడుగు బల్లపరుపుగా ఉండి, కాలువ లోతు తక్కువైనా నడిచే పడవ అది. లోపల ధాన్యం బస్తాల బరువే దాన్ని నిలబెట్టేది. నమూనా నిలబడాలంటే బరువు బాగా కిందికి, నీళ్ళలోకి దిగాలి.

బుధవారం ఆసుపత్రి నుంచి వస్తూ వలల సామాను అమ్మే కొట్లో సీసం గుళ్ళు కిలో కొన్నాను. కరిగించి పోత పోస్తే నున్నగా ఉంటుంది కానీ సీసం పొగ ఎవరికీ మంచిది కాదు, నాకసలే కాదు. గుళ్ళన్నీ సన్నటి పైపు ముక్కలో వరసగా కూర్చి, సందుల్లో ఎంసీల్ అనే అతుకు ముద్ద కూరి, రెండు చివర్లూ నున్నగా చేశాను. దాన్ని జానెడు పొడుగు అల్యూమినియం రేకు చివర బిగించాను. రేకు పడవ అడుగున మరలతో పడుతుంది. తీసేస్తే మళ్ళీ మా కాలువ పడవే. గుళ్ళూ పైపూ కలిపి 920 గ్రాములు.

ఇవాళ పదింటికి పెరట్లో తొట్టెలో పెట్టి చూశాను. నిలువుగా నిలబడింది. తెరచాప కొయ్య చివర పట్టుకుని నీళ్ళకి ఆనేదాకా వంచి వదిలితే లేచి నిలబడింది. మళ్ళీ వంచాను. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

అరగంట పోయాక చూస్తే నేను గీసుకున్న నీటి గీత కనిపించడం లేదు. పడవ దిగింది. పైకి తీసి, లోపలి నీళ్ళు గ్లాసులోకి వంపి, వంటింటి తక్కెడ మీద పెడితే 65 గ్రాములు. ఆ అంకె రాసుకోవడానికి నోటుబుక్కు తెరిస్తే అదే పేజీలో నా 61.7 ఉంది. కాసేపు కలం పెట్టలేదు. దానికీ నాకూ ఒకటే జబ్బు. లోపలికి వచ్చిన నీరు బయటికి పోయే దారి లేకపోవడం. నా నీళ్ళు తీయడానికి మిషను కావాలి, టెక్నీషియన్ కావాలి, ముప్పై ఆరు కిలోమీటర్ల బస్సు ప్రయాణం కావాలి. దీనికి నా చేతులు చాలు. అది తలుచుకుంటే ఏడుపు రాలేదు, కూర్చుని పని చెయ్యాలనిపించింది.

కారే చోటు పట్టుకోవడం వడ్రంగే నేర్పాడు. పడవని స్టూలు మీద పెట్టి లోపల నీళ్ళు పోసి, బయట పొడి బట్టతో తుడిచి, చూస్తూ కూర్చోవాలి. కదలకుండా కూర్చున్నాను. ఎడమ పక్క అడుగు నుంచి మూడో బద్ద, వెనకవైపు, ఆవగింజంత చుక్క పుట్టింది. మెల్లగా పెసరగింజంత అయింది. వెలుతురు దాంట్లోకి దూరి మెరిసింది. ఇంకాస్త పెరిగి, బద్ద వెంట జారి, అంచు దగ్గర ఆగి, రాలింది. అదే చోట మళ్ళీ ఆవగింజ. పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఇంకోటి ముక్కు దగ్గర దొరికింది. ఎదురుగా బల్ల మీద సీసాలో అప్పటికి సగం పైనే అయిపోయాయి. ఒక నిమ్మచెక్క నాలిక మీద పెట్టుకున్నాను, నోరు తడైంది.

పడవ ఆరాక నూలు దారం మూడు పేటలు పేని, మొద్దు చాకుతో ఆ సందుల్లో కొద్దికొద్దిగా కూరాను. గట్టిగా కొడితే బద్ద విడిపోతుంది, వదులుగా వదిలేస్తే దారం ఊడొస్తుంది. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచింది పూశాను. కాచి పెట్టింది మా ఆవిడే. ఇల్లంతా గుడిలో ధూపం వాసన. తాతయ్య వాళ్ళు కొత్త పడవని ముందు నీళ్ళలో ముంచి ఉంచేవాళ్ళట. చెక్క నాని ఉబ్బి, సందులు వాటంతటవే బిగుసుకుంటాయి. నేనూ మధ్యాహ్నమంతా తొట్టెలో ముంచి పైన ఇటుక పెట్టాను.

వీధిలో చప్పుడు లేదు. అందరూ ఊరవతల తోటలో వనభోజనాలకి వెళ్ళారు. మమ్మల్నీ పిలిచారు. మా ఆవిడని వెళ్ళమన్నాను, వెళ్ళనంది. నా కూరలు వేరు కదా, ముక్కలు కోసి వేడినీళ్ళలో ఉంచి ఆ నీళ్ళు పారబోసి, ఉప్పు తగ్గించి వండాలి. ఇద్దరం సొరకాయ కూరతో తిన్నాం. తినేటప్పుడు మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "నాన్నా, ఇవాళ పడవ రోజా?" అని అడిగింది. ఒకప్పుడు మా ఇంట్లో సూదుల రోజు, సూదులు లేని రోజు అనేవాళ్ళం. సూదులు లేని రోజుకి దాని సొంత పేరంటూ ఉండేది కాదు. ఇప్పుడు పడవ రోజు అంటున్నాం. పేరు పెట్టింది అమ్మాయే.

నాలుగున్నరకి ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. కొబ్బరాకులు ఒక పక్కకి దువ్వుకున్నట్టు అయ్యాయి. కుర్రాడు వనభోజనాల నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి "మాస్టారండీ, నేను లేకుండా వదిలేశారేటండీ?" అన్నాడు. లేదురా, నీ కోసమే ఆగాను అన్నాను. నిజంగానే ఆగాను. పడవ వాడు పట్టుకున్నాడు, గాలపు దారం చుట్ట నేను పట్టుకున్నాను.

రేవు మెట్ల దగ్గర దింపాం. తెరచాప నాన్న పంచె చింపి కుట్టింది. గాలి పట్టగానే పడవ పక్కకి ఒరిగింది, బాగా ఒరిగింది. కుర్రాడు "అయ్యో" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. అంచు నీళ్ళకి రెండు వేళ్ళ ఎత్తులో ఆగింది. ఆగి, ఆ ఒరుగుతోనే ముందుకు కదిలింది. చుట్టలో దారం గిర్రున తిరుగుతోంది. అవతలి గట్టున తూడు మొక్కల దాకా వెళ్ళి ముక్కు ఆనించి నిలబడింది, తెరచాప నిండుగా ఉండగానే. కుర్రాడు వంతెన మీద నుంచి తిరిగి పరిగెత్తాడు. వాడు ముక్కు తిప్పి వదలడం, నేను దారం చుట్టుకోవడం. గుడిలో ఆకాశదీపం ఎత్తేదాకా నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. మెట్ల మీద మా ఆవిడ కొంగు కప్పుకుని కూర్చుంది. ఆఖరిసారి దారం తను చుట్టింది.

ఇంటికొచ్చి పడవ లోపల బట్టతో అద్ది తూచాను. 9 గ్రాములు. నేను 62.2. సీసాలో రెండు గుక్కలున్నాయి, రాత్రి మందుకి సరిపోతాయి. పొద్దున్న ఆరున్నర బస్సు. సంచిలో కొత్త క్యాలెండరు కాగితం, పెన్సిలు పెట్టుకున్నాను. చుక్కాని కొంచెం పెద్దది చెయ్యాలి, అది గీయాలి.